అంబులెన్సు వచ్చులోపల

మీ పాఠశాలకు అంబులెన్సు ఎన్ని నిమిషములలో రాగలదో మీరెన్నడైనను లెక్కించి చూచితిరా? నగరమధ్యమున నున్న బడియైనచో వాహనముల రద్దీని దాటుకొని రావలెను; పల్లెలోని ఉన్నత పాఠశాలయైనచో మండలకేంద్రమునుండియో, అంతకంటె దూరమునుండియో గతుకుల బాటపై రావలెను. 2005వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున ఆరంభమైన 108 సేవ అసంఖ్యాకులకు ప్రాణదానము చేసినది; దానికి మన మెంత కృతజ్ఞులమై యుండినను చాలదు. కాని గుండె కొట్టుకొనుట ఆగిన మనుష్యుని మెదడు, ప్రాణవాయువు లేక నాలుగైదు నిమిషములు గడచునప్పటికే చెడిపోవ నారంభించును. వెంటనే రొమ్మును నొక్కువారు లేనిచో, అతడు బ్రదుకు నవకాశము నిమిషమునకు నూటికి ఏడునుండి పది పాళ్ల వంతున తరిగిపోవుచుండును. ఈ రెండు కాలములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. పిల్లవాడు పడిన క్షణమునకును, వాహనము గేటులో ప్రవేశించు క్షణమునకును నడుమ, వైద్యుడును తల్లిదండ్రులును ఎక్కడనో దూరమున నుందురు. పిల్లవాని చెంత నుండువారు మీరే. ఆ నడిమికాలమున మీ చేతులు ఏమి చేయవలెనో చెప్పుటకే ఈ అధ్యాయము.

‘బడిపిల్లల గుండె లాగునా? అది పెద్దవయసువారి జబ్బు కదా!’ అని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. పిల్లలలో ఇది అరుదన్నమాట నిజమే. కాని పుట్టుకతో వచ్చిన గుండెకండర దోషము ఏండ్లతరబడి ఏ లక్షణమును చూపక, ఆటలపోటీనాడు పరుగుపందెపు చివర ఒక్కసారిగా బయటపడవచ్చును. క్రికెట్ బంతి వేగముగా వచ్చి సరిగా గుండెమీద తగిలినచో, ఎముక విరుగకపోయినను, గుండె లయ చెదరి నిలిచిపోవచ్చును. 2023 జనవరి 2న అమెరికాలోని సిన్సినాటి నగరమున, డామర్ హామ్లిన్ అను అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు రొమ్మున దెబ్బ తగిలి, లేచి నిలిచి, మరుక్షణమే కూలినప్పుడు జరిగినది ఇదియే. మైదానములోనే రొమ్ము నొక్కి, యంత్రముతో విద్యుద్ఘాత మిచ్చినందున అతడు బ్రదికి, అదే సంవత్సరము మరల ఆటలోనికి వచ్చెను. మన బడులలో ఇంకను సామాన్యములైన కారణములు కలవు: వానకాలమున తడిగోడను తాకిన తెగిన తీగ, బోరుమోటారు స్విచ్చి, విహారయాత్రలో లోతు తెలియని కాలువ, మధ్యాహ్నభోజనపు వేళ గొంతున అడ్డుపడిన గ్రుడ్డుముక్క. మరియు బడిలో నుండువారు పిల్లలు మాత్రమేనా? పదవీవిరమణకు దగ్గరపడిన ప్రధానోపాధ్యాయుడు, పొయ్యివేడిలో నిలిచి మూడువందల మందికి వండు ఆయమ్మ, మనుమని కొరకు గేటువద్ద వేచియున్న తాతగారు, వీరందరును మీ ఆవరణలోనివారే.

ఇట్టి వేళ చేయవలసిన పని కష్టమైనది కాదు. 1960వ సంవత్సరమున బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్యసంస్థకు చెందిన కొవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను ముగ్గురు, రొమ్మును కోయకుండ బయటనుండి లయబద్ధముగా నొక్కుటచేతనే ఆగిన గుండెనుండి రక్తమును మెదడునకు పంపవచ్చునని ప్రకటించిరి. ఆ ముగ్గురిలో మొదటివాడు వైద్యుడు కాడు, విద్యుత్ ఇంజనీరు. అదే సంవత్సరమున నార్వేదేశపు బొమ్మల తయారీదారుడైన ఆస్ముండ్ లేర్డాల్, ఈ విద్యను జనులు అభ్యసించుటకు మనిషిప్రమాణముగల శిక్షణబొమ్మను నిర్మించెను. ఒక ఇంజనీరును, ఒక బొమ్మలు చేయువాడును కలసి లోకమునకందించిన విద్య ఉపాధ్యాయునకు అందరానిదెట్లగును? 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ చౌరస్తాలో కుప్పకూలిన మనుష్యుని రొమ్ము నొక్కి బ్రదికించినవాడు ఒక ట్రాఫిక్ కానిస్టేబులు.

అయినను ఒక్క మాట నిర్మొగమాటముగా చెప్పవలెను: ఈ అధ్యాయమును పదిసార్లు చదివినను మీకు సి.పి.ఆర్., అనగా రొమ్ము నొక్కి ప్రాణము నిలుపు ఈ విద్య, రాదు. ఒడ్డున కూర్చుండి ఈత నేర్చినవాడు లేడు. అయిదు సెంటీమీటర్ల లోతని కాగితముమీద చదివినప్పుడు స్వల్పముగనే తోచును. బొమ్మమీద మొదటిసారి నొక్కిన ఉపాధ్యాయులలో పలువురు సగము లోతుకైనను పోరు, ఎదుటివానికి నొప్పి కలుగునేమోనని చేయి తనంతట తానే వెనుదీయును. రెండు నిమిషములు ఎడతెగక నొక్కినచో భుజములు ఎట్లు సోలునో చదువువలన తెలియదు. కావున క్రింద చెప్పబోవు సోపానములను శిక్షణకు ముందు ఒకసారియు, శిక్షణ పొందినపిమ్మట జ్ఞప్తికొరకు పలుమారులును చదువుడు.

1. ముందు మీకు అపాయము లేదని చూచుకొనవలెను. కరెంటు తగిలి పడినవానిని మెయిన్ ఆపకుండ తాకరాదు. నీట మునిగినవానికొరకు ఈత రాని మీరు దూకరాదు. మీరును పడిపోయినచో పిల్లవానికి దిక్కెవరు?

2. రెండు భుజములను తట్టి, చెవికి దగ్గరగా పేరుపెట్టి గట్టిగా పిలువవలెను. పలుకనిచో రొమ్మును చూడవలెను: మామూలుగా ఊపిరి ఆడుచున్నదా? ఈ పరీక్షకు పది సెకనులకు మించి వ్యయము చేయరాదు. నాడికొరకు మణికట్టును వెదకుచు కూర్చుండవలదు. ఆందోళనలో నున్నవారికి తమ నాడియే ఇతరుల నాడిగా తోచును. ఇచ్చట మిక్కిలి జాగ్రత్తగా గమనింపవలసినది ఎగఊపిరి. గుండె ఆగిన మొదటి నిమిషములలో పలువురు నోరు తెరచి, నడుమ నడుమ, గురకవంటి ధ్వనితో ఊపిరిని ఎగబీల్చుదురు. ‘అమ్మయ్య, ఊపిరి ఉంది’ అని చుట్టునున్నవారు ఊరడిల్లునది ఇచ్చటనే. ప్రాణము జారిపోవునదియు ఇచ్చటనే. స్పృహ లేక, ఎగఊపిరి మాత్రమే ఉన్నచో, గుండె ఆగినదనియే భావింపవలెను.

3. ‘ఎవరైనా ఫోను చేయండి’ అని గుంపును ఉద్దేశించి అరచినచో ఒక్కరును చేయరు. ‘లెక్కల మాస్టారూ, మీరు 108కి చేయండి, స్పీకరు పెట్టి నా ప్రక్కనే ఉండండి’ అని ఒకరిని నిర్దేశించి చెప్పవలెను. 108 దొరకనిచో 112 కలదు. చెప్పవలసినది ఊరు, వీధి, గుర్తు, ‘స్పృహ లేదు, ఊపిరి లేదు’ అను రెండుమాటలు.

4. గట్టినేలమీద వెలకిల పరుండబెట్టవలెను. పరుపు మీదనో, స్టాఫ్‌రూములోని మెత్తటి కుర్చీలోనో కాదు. మెత్తనిదానిపై నొక్కినచో మీ బలమంతయు పరుపునకే పోవును. ప్రక్కన మోకరిల్లి, రొమ్ము నడిమి ఎముకయొక్క క్రింది సగమున, మణికట్టుకు ఆనియున్న అరచేతి గట్టిభాగమును ఉంచి, రెండవచేతిని దానిపై పెనవేయవలెను.

5. మోచేతులు వంచక, భుజములను చేతులకు సరిగా పైన నుంచి, దేహభారముతో నొక్కవలెను. పెద్దవారికి అయిదు సెంటీమీటర్లకు తగ్గక, ఆరింటికి మించక. నిమిషమునకు నూరునుండి నూట ఇరువది సార్లు. కవాతులో లెఫ్ట్–రైట్ అనునప్పటి వడి మీ చెవికి సుపరిచితమే కదా, దాదాపు ఆ వడియే ఇది. ప్రతి నొక్కునకు పిమ్మట రొమ్మును పూర్తిగా పైకి లేవనీయవలెను. అట్లు లేచినప్పుడే గుండెలోనికి రక్తము మరల చేరును. పిల్లలకు రొమ్ము మందములో మూడవవంతు లోతు, ఇంచుమించుగా అయిదు సెంటీమీటర్లు. పిల్లవాడు చిన్నవాడైనచో ఒకచేయి చాలును. ఏడాది నిండని శిశువునకు, రెండుచేతులతో రొమ్మును చుట్టి పట్టి, రెండు బొటనవ్రేళ్లతో నాలుగు సెంటీమీటర్లు చాలును. రెండు నిమిషముల కొకసారి వేరొకరు మారవలెను, మార్పునకు పది సెకనులకు మించి పట్టరాదు.

6. నోటితో ఊపిరి ఊదుట శిక్షణలో నేర్చినవారు ముప్పది నొక్కులకు రెండు ఊపిరుల చొప్పున ఊదవలెను. నేర్వనివారు, లేక ఊదుటకు సంకోచించువారు, నొక్కుటమాత్రము ఆపరాదు. మన దేశపు పునరుజ్జీవన మండలి సామాన్యజనులకు నిర్ణయించిన పద్ధతి నొక్కుట ఒక్కటియే. కాని నీట మునిగిన పిల్లవానికిని, గొంతున అడ్డుపడి ఊపిరాగిన పిల్లవానికిని మొదట కొరవడినది ఊపిరియే గనుక, ఉపాధ్యాయులైన మీరు ఊదుటను గూడ నేర్చుకొనుటయే మేలని నా దృఢాభిప్రాయము.

7. గుండెకు విద్యుద్ఘాత మిచ్చు ఏ.ఇ.డి. యంత్రము సమీపమున నున్నచో తెప్పించి తెరచి, అది చెప్పినట్లు చేయవలెను. విద్యుద్ఘాతము అవసరమా కాదా అని నిర్ణయించునది ఆ యంత్రమే, మీరు కాదు.

ఎంతవరకు నొక్కవలెను? పిల్లవాడు కదలి మామూలుగా ఊపిరి తీయువరకు, లేక అంబులెన్సువారు వచ్చి మీ చేతులనుండి ఆ పనిని తీసికొనువరకు.

ఇక మనలో సాధారణముగా జరుగు పొరపాటులను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన ఇవి అజ్ఞానమువలన కంటె ప్రేమవలననే ఎక్కువగా జరుగుచున్నవి. పడినవానిని చూడగానే ఎవరో ఒకరు తలను ఒడిలోనికి తీసికొందురు; తల ముందుకు వంగి గొంతు మూసికొనిపోవును. మరియొకరు నోటిలో నీరు పోయుదురు. స్పృహ లేనివానికి ఆ నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. వేరొకరు లేవదీసి కూర్చుండబెట్టుదురు, అరికాళ్లు రుద్దుదురు, ఉల్లిపాయ వాసన చూపుదురు, చేతిలో తాళపుచెవులు పెట్టుదురు. వీనిలో ఒక్కటియు ఆగిన గుండెను నడిపింపలేదు. ఒక్కొక్కటియు ఒక్కొక్క నిమిషమును మ్రింగును.

చెరువుగట్టున జరుగు సన్నివేశము నొకదానిని ఊహింపుడు. ఏడవ తరగతి పిల్లవానిని నీటిలోనుండి తీసినారు. ఊరివారు గుమిగూడినారు.

‘భుజాన వేసుకొని గిరగిర తిప్పండ్రా, నీళ్లు కక్కుతాడు!’ అని ఒక పెద్దాయన కేక వేయును.

‘వద్దు బాబాయ్, కింద పడుకోబెట్టండి. నీళ్ల సంగతి తర్వాత, ముందు ఊపిరి’ అని ఉపాధ్యాయుడు మోకరిల్లును.

ఈ ఒక్క వాక్యమును ఆ గుంపులో నిలిచి, ఆ గొంతుతో చెప్పగల ధైర్యము ఎక్కడనుండి వచ్చును? పిల్లలకు అక్షరములు నేర్పిన మాస్టారి మాటకు మన పల్లెలలో నేటికిని గౌరవము కలదు. ఆ గౌరవమును వినియోగింపవలసిన ఘడియ అది. కాని తనకే నిశ్చయము లేనివాడు ఇతరులను ఆపలేడు, ఆ నిశ్చయమును ఇచ్చునది శిక్షణయే. పొట్టను నొక్కి నీరు కక్కించుటయు, తలక్రిందులుగా వ్రేలాడదీయుటయు కూడ ఇట్టి పొరపాటులే.

దీనికి ఎదురైన పొరపాటు గూడ నొకటి కలదు: పడిన ప్రతివానిని నొక్కుట. ఉదయము ఏమియు తినక వచ్చి ప్రార్థనలో ఎండకు నిలిచిన బాలిక సొమ్మసిల్లి పడుట మీరు పలుమారులు చూచియే యుందురు. ఆమె ఊపిరి చక్కగా ఆడుచుండును, నిమిషములోపలనే కన్నులు తెరచును; ఆమెకు కావలసినది నీడ, గాలి, కాళ్లక్రింద కొంత ఎత్తు. మూర్ఛవ్యాధిచే కొట్టుకొనుచున్న పిల్లవానిని పట్టి నిలుపక, తలక్రింద మెత్తనిదేదైన నుంచి, కొట్టుకొనుట ఆగినపిమ్మట ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. అయితే గుండె ఆగిన తొలిక్షణములలో కూడ కాలుసేతులు కొద్దిగా కొట్టుకొనవచ్చును గనుక, కొట్టుకొనుట ఆగిన వెంటనే ఊపిరిని చూచుట మరువరాదు. ఊపిరి ఉన్నదో లేదో తేలనిచో? నొక్కుడు. కొట్టుకొనుచున్న గుండెపై కొన్ని నొక్కులు పడినందున కలుగు హాని స్వల్పము; ఆగిన గుండెపై చేయి వేయకపోవుటవలన కలుగు హానికి పరిహారము లేదు. ప్రక్కటెముక చిట్లిన శబ్దము వినబడినను చేతుల స్థానమును సరిచూచుకొని కొనసాగింపవలెను. ఎముక అతుకును.

మీ మనస్సులో ఇంకొక సంకోచము ఉండవచ్చును. దానిని నలుగురిలో అడుగుటకు వెనుదీయుచుందురు గనుక నేనే చెప్పెదను. శిక్షణనాడు స్టాఫ్‌రూములో ఒక ఉపాధ్యాయుడు మెల్లగా, ‘ఆడపిల్లని ఎలా ముట్టుకునేదండీ మేడమ్, రేపు ఎవరైనా ఏమైనా అంటే?’ అని ప్రధానోపాధ్యాయినిని అడిగినాడనుకొనుడు. ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. ఆ సంకోచమువలననే, బహిరంగస్థలములలో కూలిన స్త్రీలకు పురుషులకంటె తక్కువగా ఈ సహాయము అందుచున్నదని పలుదేశములలో తేలినది. ఆమె ఇట్లు సమాధానము చెప్పవచ్చును: ‘మాస్టారూ, బడిలో ఏ ఆడపిల్లకైనా ఇలా జరిగితే మీరు నొక్కాలని నేను ముందే తల్లిదండ్రుల సమావేశంలో చెప్పి ఉంచుతాను. మిగతా టీచర్లు చున్నీలు పట్టుకొని చుట్టూ నిలబడతారు. మీరు మాత్రం ఆలస్యం చెయ్యకండి.’ ఇదియే సరియైన విధానము: సంకోచమును ఆపద వచ్చిననాడు కాక, ముందుగనే తీర్చుకొనుట. ఆడపిల్లలున్న ప్రతి బడిలోను ఉపాధ్యాయినులును తప్పక ఈ విద్య నేర్వవలెను. దీనిని వ్యాయామోపాధ్యాయుని కొక్కనికి అప్పగించి ఊరకుండుట నాకు ఎంతమాత్రము సమ్మతము కాదు, ఆయన ఆనాడు సెలవులో నుండవచ్చును.

చట్టమునకు భయపడువారికి ఒక మాట. సమ్మతి తీసికొను వీలులేని స్థితిలో, ఎదుటివాని మేలుకొరకు, సద్భావముతో చేసిన కార్యమువలన హాని కలిగినను అది నేరము కాదను సూత్రము భారత శిక్షాస్మృతి 92వ సెక్షనులో ఆంగ్లేయుల కాలమునుండియు నుండెను. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో అది 30వ సెక్షనుగా నిలిచియున్నది.

చేతులు సిద్ధమైనంత మాత్రమున చాలదు, బడియు సిద్ధము కావలెను. ఒకనాటి సాయంకాలము పావుగంట కూర్చుండి ఈ పనులను పంచుకొనుడు: నొక్కువారిద్దరు, ఫోను చేయువారొకరు, గేటు తెరచి, రోడ్డుమీద నిలిచి అంబులెన్సును పిలుచుకొని వచ్చువారొకరు, మిగిలిన పిల్లలను తరగతులలోనికి తీసికొనిపోవువారొకరు. గేటు తాళపుచెవి వాచ్‌మన్ జేబులో నుండి, వాచ్‌మన్ టీ త్రాగుటకు పోయినచో అంబులెన్సు బయటనే నిలిచిపోదా? రెండవ తాళపుచెవి ఆఫీసుగదిలో మేకుకు వ్రేలాడవలెను. మెయిన్ స్విచ్చి ఎక్కడనున్నదో ప్రతి ఉపాధ్యాయునకును తెలియవలెను.

ఉపాధ్యాయులే ఎందుకని ఇంకను సంశయించువారు డెన్మార్కు దేశమును చూడవలెను. అచ్చట 2005లో పాఠశాలలలో ఈ శిక్షణను విధిగా చేసిరి. ఇతర చర్యలును తోడయ్యెను. ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారికి ప్రక్కనున్నవారు రొమ్ము నొక్కుట 2001లో నూటికి ఇరువదియొక్క సందర్భములలో మాత్రమే జరుగుచుండగా, 2010 నాటికి దాదాపు నలువదియైదింటికి పెరిగెను. ముప్పది దినములు దాటి బ్రదికినవారు నూటికి మూడున్నరనుండి పదింటికి మించిరి. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, పండ్రెండవ ఏటనుండి పిల్లలకు సంవత్సరమునకు రెండుగంటలు ఈ విద్య నేర్పవలెనను ప్రతిపాదనకు తన ఆమోదము తెలిపినది. మీరు నేర్చినచో మీ తరగతిలోని నలువదిమందికి నేర్పగలరు. వారిలో ఒక్కరు రాత్రివేళ ఇంటిలో తండ్రి కూలినప్పుడు ఏమి చేయవలెనో ఎరిగియుందురు. ఏ వైద్యుడు ఒక్కయేట ఇన్ని ఇండ్లలోనికి ఈ విద్యను చేర్పగలడు?

ఆ అంకెలను మరియొక వైపునుండియు చదువుడు. అంతటి శ్రద్ధ వహించిన దేశమునందును నూటికి తొంబదిమంది దాకా దక్కలేదు. మీరు చక్కగా నొక్కినను పిల్లవాడు దక్కకపోవచ్చును. అట్లు జరిగినచో అది మీ చేతుల దోషమని కుమిలిపోరాదు. ఆ దినమున ఒంటరిగా ఇంటికి పోక, తోటివారితో కూర్చుండి జరిగినదంతయు చెప్పుకొనవలెను, ప్రధానోపాధ్యాయుడు మిమ్ములను మరునాడు పాఠము చెప్పుమని తొందరపెట్టరాదు.

శిక్షణ ఎచ్చట దొరకును? ఇండియన్ రెడ్‌క్రాస్ శాఖను, సెయింట్ జాన్ అంబులెన్సువారిని, 108 సేవవారిని, మీకు దగ్గరనున్న వైద్యకళాశాలలోని మత్తువైద్య విభాగమును లేఖ వ్రాసి అడుగుడు. రెండుగంటల ఉపన్యాసము చెప్పి, ధ్రువపత్రములు పంచి, ఫొటో తీయించుకొని పోవు శిక్షణను అంగీకరింపవలదు. ‘ఎన్ని బొమ్మలు తెచ్చెదరు? ప్రతి ఉపాధ్యాయుడును రెండు నిమిషములు నొక్కునా? పిల్లలప్రమాణపు బొమ్మ ఉన్నదా? గొంతున అడ్డుపడినప్పుడు వీపుపై అయిదు చరుపులు, పొట్టపై అయిదు నొక్కులు నేర్పెదరా?’ అని ముందే విచారింపుడు. నేర్చినది కొన్నినెలలలోనే చేతులనుండి జారిపోవును గనుక, వేసవి సెలవుల తరువాత బడి తెరచిన వారమున ఒకసారియు, ప్రపంచమంతట ఇందుకొరకై పాటింపబడు అక్టోబరు 16న మరియొకసారియు అభ్యాసమునకు సమయము కేటాయించి, ఆ తేదీలను బడి వార్షిక ప్రణాళికలో పరీక్షల తేదీల ప్రక్కన వ్రాయించుడు.